అడవి చెట్లు గుర్తుపట్టడం నేర్చుకోవాలంటే: ముందు ఒకే దారి పట్టుకోండి

ఒడిశాలో గుణుపూర్ దగ్గర బడిలో లెక్కలు చెప్పే ఒక మాస్టారు అడిగిన ప్రశ్న ఇది. ఆదివారాలు కొండల వైపు వెళ్తుంటారట. చెట్ల పుస్తకం కొన్నారు, ఫోన్‌లో యాప్ పెట్టుకున్నారు. అడవిలో అడుగు పెట్టాక మాత్రం ఏ చెట్టు ఏదో తెలియడం లేదు. పుస్తకంలో ఉన్న పువ్వు ఎదురుగా ఉన్న చెట్టుకి లేదు. యాప్ పూటకో పేరు చెబుతోంది. ఊళ్లో అడిగితే తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి, సవర వాళ్ల మాటలో ఇంకొకటి. "బోటనీ చదవని నాలాంటివాడు అడవి చెట్లు, పొదలు సొంతంగా గుర్తుపట్టే స్థాయికి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎన్నాళ్లు పడుతుంది?" అన్నది ఆయన ప్రశ్న.

మాస్టారూ, ముందు జవాబు చెప్పేస్తాను. ఒకే దారి ఎంచుకోండి. ఆ దారి పక్కన ఓ పాతిక చెట్లు పెట్టుకుని, అవే చెట్లను ఏడాది పొడుగునా చూడండి. వారానికో కొత్త కొండ ఎక్కడం మానేయండి. పేరు కోసం తొందరపడకండి. ముందు చెట్టు మీకు పరిచయం కావాలి, పేరు తర్వాత వచ్చి చేరుతుంది. ఇలా ఒక ఏడాది పూర్తిచేస్తే పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా అడవిలో పదేపదే ఎదురయ్యే పెద్ద చెట్లలో చాలావాటిని ఆకు లేకపోయినా గుర్తుపడతారు. పొదలకి, తీగలకి మరో ఏడాది వేసుకోండి. బోటనీ డిగ్రీ దీనికి అక్కర్లేదు. డిగ్రీ ఉండి మద్దిని పోల్చుకోలేని పిల్లలను మహేంద్రగిరి దారిలో చాలామందిని చూశాను. మాది పర్లాకిమిడి. అడవిలో చెట్ల లెక్కింపు పనులతో మొదలుపెట్టి, తర్వాత కాలేజీ పిల్లలను ఫీల్డుకి తిప్పుతూ వచ్చినవాడిని కాబట్టి చెబుతున్నాను.

ఒకే దారి ఎందుకంటే, మనది ఆకు రాల్చే అడవి. కార్తీకంలో చూసిన చెట్టు ఫాల్గుణానికి పోలికే లేకుండా మారిపోతుంది. గుంపెన చలికాలం పోయేసరికి ఆకంతా రాల్చేసి మే దాకా మోడులా నిలబడుతుంది. మోదుగ ఆకు రాల్చి పువ్వు తొడుగుతుంది. కుసుమ చెట్టు మార్చిలో ఎర్రగా ఉంటుంది, దూరం నుంచి చూసినవాళ్లు పువ్వనుకుంటారు, దగ్గరికెళ్తే లేత చిగురు. నెల తిరిగేసరికి అదే పచ్చబడి మిగతా చెట్లలో కలిసిపోతుంది. ఈ మార్పులన్నీ ఒక్క చెట్టు మీదే చూస్తే అవన్నీ కలిపి ఒకే చెట్టుగా మనసులో నిలుస్తాయి. వేర్వేరు కొండల మీద వేర్వేరు నెలల్లో చూస్తే ఒక్క కుసుమే నాలుగు చెట్లుగా కనిపిస్తుంది. మీకు జరుగుతున్నది అదే.

పుస్తకంతో వచ్చిన ఇబ్బందీ ఇదే. పుస్తకాలు పువ్వు చుట్టూ తిరుగుతాయి. పువ్వేమో చాలా చెట్లకి కొద్ది వారాలే ఉంటుంది, అదీ తల ఎత్తితే గాని కనబడని ఎత్తులో. మిగతా కాలమంతా మీ చేతికి అందేది ఆకు, కొమ్మ, బెరడు, పాలు, వాసన, కింద రాలిన కాయ. కాబట్టి పువ్వు లేకుండా గుర్తుపట్టడమే మొదట నేర్చుకోండి.

మొదలుపెట్టడానికి మంచి సమయం దసరా వెళ్లాక. వానలు తగ్గుతాయి, దారులు ఆరతాయి, ఆకు ముదిరి పూర్తి రూపంలో ఉంటుంది. కరక, తాని, ఉసిరి కాయలు చలికాలమంతా దొరుకుతాయి. అప్పుడు ఆకుతో నేర్చుకున్న చెట్టునే ఫిబ్రవరిలో బోడిగా చూస్తారు, బెరడు చదవడం అక్కడ వస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో పువ్వులు, ఏప్రిల్, మేలో తునికి, సారపప్పు పళ్లు, వానలు పడే వేళకి గుగ్గిలం చెట్టు రెక్కల కాయలు గాలిలో గిరగిర తిరుగుతూ రాలడం. ఎండాకాలంలో మొదలుపెట్టినవాళ్లు బోడి కొమ్మలు చూసి రెండు వారాలకే విసుగెత్తి మానేస్తారు.

ఇక ఆకు చేతిలోకి తీసుకున్నాక ఏం చూడాలి?

మొదటి ప్రశ్న: ఇది ఒక ఆకా, ఆకులో ముక్కా? కొత్తవాళ్లు నూటికి తొంభైమంది ఇక్కడే జారిపోతారు. ఆకు కాడ కొమ్మను కలిసేచోట పైమూలలో చిన్న మొగ్గ ఉంటుంది. ఆ మొగ్గ ఎక్కడ ఉందో అక్కడి నుంచి చివర దాకా ఉన్నదంతా ఒకే ఆకు, అందులో ఎన్ని రెబ్బలున్నా సరే. వేపరెబ్బ ఒకటి తుంచి చూడండి. చిన్న ఆకుల మొదట్లో మొగ్గ ఉండదు, పెద్ద కాడ మొదట్లో ఉంటుంది.

ఇది అర్థమయ్యాక ఉసిరి దగ్గరికి వెళ్లండి. చూడటానికి చింతరెబ్బలాగే సన్నటి ఆకులు రెండు వరసలుగా ఉంటాయి, రెబ్బల ఆకు అనే అనుకుంటాం. కానీ కాయలు ఎక్కడ కాశాయో చూడండి. ఆ సన్నటి పుల్ల పొడుగునా, ఆకుల మొదళ్లలో. ఆకు ఈనె మీద కాయ కాయదు కదా. అంటే అది ఆకు కాదు, కొమ్మ. దాని మీద ఉన్నవి ఒక్కొక్కటీ విడి ఆకులు. చెట్టు ఆ పుల్లలను కూడా ఆకులతో పాటు రాల్చేస్తుంది, అందుకే మనం మోసపోతాం. పిల్లలకి ఎన్ని బొమ్మలు గీసి చెప్పినా రానిది ఒక్క ఉసిరికొమ్మతో వస్తుంది. మీ బడి ఆవరణలో ఉసిరి ఉంటే ఆదివారం దాకా ఆగనక్కర్లేదు.

రెండో ప్రశ్న: ఆకులు కణుపు దగ్గర ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? ఎదురెదురుగా ఉండి, రెండు కాడల మధ్య కొమ్మకి అతుక్కుని చిన్న పొర గానీ, అది రాలిన గీత గానీ ఉంటే కాఫీ కుటుంబం వైపు వెళ్లండి. మంగ, బలుసు, బండారు, కదంబం అన్నీ ఆ ఇంటివే. ఎదురెదురుగా ఉండి మొదట్నుంచే మూడు నుంచి ఐదు గట్టి ఈనెలు పైకి పాకి, ఆకు నిగనిగలాడుతుంటే ముషిణి గానీ, చిల్ల గానీ అయి ఉంటుంది. ముషిణికి నారింజరంగు గుండ్రటి పండు, అందులో బిళ్లల్లాంటి గింజలు. అవి ప్రాణం తీసే విషం. చిల్లకి చిన్న నల్లటి పండు, ఒకటే గింజ. బురదనీళ్లు తేర్చడానికి పాతకాలంలో కుండ లోపల అరగదీసింది ఆ చిల్లగింజనే. రెండూ ఒకే ప్రజాతి (జీనస్), ఆకులు చూస్తే అన్నదమ్ములు. తెలియని పండు నోట్లో పెట్టుకుని చూద్దాం అనే సరదా అడవిలో వద్దు అని అందుకే అంటాను.

మూడోది: ఆకు తుంచితే ఏం కారింది? పాలు కారి, ఆకులు ఒకటి విడిచి ఒకటి ఉండి, కొమ్మ చుట్టూ ఉంగరంలా గీత కనబడితే మర్రి, రావి, మేడి, జువ్వి కుటుంబం. పాలు కారి, ఆకులు ఎదురెదురుగా గానీ గుత్తిగా చుట్టూ గానీ ఉంటే కొడిశ, ఏడాకులపాల కుటుంబం. పాలు కారి, ఆకులన్నీ కొమ్మ చివర గుంపుగా ఉంటే చాలావరకు ఇప్ప. బెరడు గాటు నుంచి ఎర్రటి బంక కారుతుంటే వేగిస. లేత ఆకు నలిపితే వేళ్లు ఎర్రబడ్డాయా, అది టేకు. ఇవన్నీ పుస్తకం తెరవకుండానే అరనిమిషంలో తేలతాయి.

ఇంకో చిన్న పని చేయండి. ఆకును ఎండకి ఎత్తిపట్టి చూడండి. మారేడు, వెలగ, కొండ కరివేపాకు లాంటివాటిలో సూది మొనతో గుచ్చినట్టు వెలుతురు చుక్కలు కనబడతాయి. నిమ్మ కుటుంబం గుర్తు అది, నలిపితే వచ్చే ఘాటైన వాసన ఆ చుక్కల్లోని నూనెదే. మూడు రెబ్బల ఆకులన్నీ ఒకటే అని తికమకపడేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. మోదుగ, మారేడు, ఉలిమిరి, బాడిస అన్నిటికీ మూడేసి రెబ్బలే. మారేడుకి ముళ్లుంటాయి, ఆకుకి చుక్కలుంటాయి. బాడిసకి ముళ్లుంటాయి, చుక్కలుండవు. మోదుగాకు దళసరి తోలులా ఉండి, పక్క రెబ్బలు రెండూ వంకరగా, ఒకవైపు ఎక్కువ వెడల్పుగా ఉంటాయి.

ఇప్పుడు మన కొండల్లో అందరినీ ఇబ్బందిపెట్టే జంటల గురించి కాస్త ఎక్కువ చెబుతాను. చెట్లు నేర్చుకోవడమంటే నిజానికి ఇలాంటి జంటలను విడదీయడమే.

మద్దితో మొదలుపెడదాం. నల్లమద్ది గట్టునేల మీద, గుగ్గిలం చెట్ల మధ్య ఎక్కడ చూసినా ఉంటుంది. బెరడు నల్లగా, లోతుగా నిలువునా అడ్డంగా పగిలి మొసలి వీపులా కనిపిస్తుంది. తెల్లమద్ది వాగు వదిలి పెద్దగా దూరం పోదు, అందుకే ఏరుమద్ది అనీ అంటారు. దాని బెరడు నున్నగా, లేత బూడిదరంగులో ఉండి పెద్ద పెద్ద రేకులుగా ఊడుతుంది. ఇంతవరకు సులువే. తంటా ఎక్కడొస్తుందంటే, పడుచు నల్లమద్దికి బెరడు ఇంకా పగలదు. పైగా మన అడవుల్లో ఎండాకాలం నేలమంటలు లేస్తుంటాయి కాబట్టి మొదలంతా మసిబారి ప్రతి చెట్టూ నల్లమద్దిలాగే కనిపిస్తుంది. బెరడు ఎప్పుడూ ఛాతీ ఎత్తుకు పైన చూడండి, ఒక్క చెట్టు చూసి తేల్చకండి. తర్వాత ఆకు తిరగేయండి. ఆకు అడుగున, కాడ కలిసేచోటికి దగ్గరలో చిన్న చిన్న బొడిపెలు తగులుతాయి, అవి గ్రంథులు. మద్ది వర్గంలో అవి మంచి గుర్తు. కరక చెట్టుకి ఆ గ్రంథులు కాడ పైకొసన జంటగా ఉంటాయి. ఇక కాయ దొరికితే సందేహమే మిగలదు. రెండు మద్దులకీ కాయకి ఐదు రెక్కలే. నల్లమద్ది రెక్క వెడల్పు, దాని మీద గీతలు అడ్డంగా అంచు దాకా వెళ్తాయి. తెల్లమద్ది రెక్క ఇరుకు, గీతలు పైకి వంపు తిరుగుతాయి. కింద రాలిన ఎండుకాయలు ఏడాదిలో ఎక్కువ నెలలు దొరుకుతాయి కాబట్టి తల ఎత్తే ముందు నేల చూడటం అలవాటు చేసుకోండి. నేను ఏ చెట్టు దగ్గరికెళ్లినా ముందు కాళ్ల దగ్గరే వెతుకుతాను.

కరక, తాని కూడా ఈ మద్దుల కుటుంబమే, కాయకి రెక్కలుండవు. కరక్కాయ ఎండితే దాని మీద నిలువునా గాడులు పడతాయి, తానికాయ గుండ్రంగా మెత్తటి నూగుతో ఉంటుంది. ఒకసారి చేతిలో పెట్టుకుంటే మళ్లీ మర్చిపోరు.

తర్వాతి జంట కొడిశ, అంకుడు. రెండిటికీ పాలు, రెండిటికీ ఎదురెదురు ఆకులు, తెల్లపువ్వులు, జంటగా వేలాడే సన్నటి పొడుగు కాయలు. రెండిటినీ పాలకొడిశ అనే పిలిచే ఊళ్లున్నాయి. ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్ర అంకుడుది, విరేచనాలు కట్టడానికి మందుగా వాడే బెరడు కొడిశది. ఒకటి అనుకుని ఒకటి తెస్తే బొమ్మ సంగతి దేవుడెరుగు, మందు మాత్రం పనిచేయదు. పువ్వు ఉంటే భూతద్దం పెట్టండి. అంకుడు పువ్వు మధ్యలో తెల్లటి కుచ్చు ఉంటుంది, కొడిశ పువ్వులో అది ఉండదు. కాయ ఉంటే ఇంకా సులువు. లేత అంకుడు కాయలు రెండూ కింద కొసన అతుక్కుని ఉంటాయి, ముదిరాక విడిపోతాయి. కొడిశ కాయలు మొదటి నుంచీ విడివిడిగానే వేలాడతాయి. ఆకు ఒక్కటే ఉంటే? కొడిశ ఆకు సాధారణంగా పెద్దది. కానీ ఆకు సైజు చూసి ఏ చెట్టునీ తేల్చొద్దని నా గట్టి అభిప్రాయం. ఎందుకో తునికి దగ్గర తెలుస్తుంది.

తునికాకు గుణుపూర్, రాయగడ వైపు చూడనివాళ్లుండరు. ఒడియాలో కెందు. 1973లో ఒడిశా ప్రభుత్వం ఈ ఆకు వ్యాపారాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. ఆకు కోతకి ముందు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో, తునికి పొదలను నేలమట్టానికి నరికేస్తారు. మళ్లీ మొలిచిన కొమ్మలకి పెద్ద, మెత్తటి ఆకులు వస్తాయి, బీడీకి కావాల్సింది అవే. ఇప్పుడు పక్కనే ఉన్న పెద్ద తునికిచెట్టు ఆకు కోసి పక్కన పెట్టండి. అది చిన్నది, దళసరి, గరుకు. రెండూ ఒకే చెట్టు జాతి అంటే కొత్తవాళ్లు నమ్మరు. మొక్క దశలో, నరికాక మొలిచిన కొమ్మల్లో, నీడలో పెరిగినవాటిలో ఆకు సైజు, ఆకారం మారిపోతాయి. మారనివి కొన్ని ఉంటాయి: ఆకుల అమరిక, పాలు, గ్రంథులు, ఈనెల తీరు, పండు మీద ముచ్చిక. తునికి పండు తొడిమ దగ్గర ముచ్చిక రేకులు పండుతో పాటు పెరిగి గట్టిగా పట్టుకుని ఉంటాయి, గింజ రాలిపోయాక కూడా ఆ ముచ్చికలు కింద ఏరుకోవచ్చు. మారేవాటిని నోటుబుక్కులో రాసుకోండి, మారనివాటితో పోల్చుకోండి.

మీరు పొదలు కూడా అడిగారు. నిజం చెప్పాలంటే పొదలు చెట్లకన్నా కష్టం, ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. మొదటి ఏడాది ఓ నాలుగైదు చాలు. వావిలి: ఐదు రెబ్బలు, అడుగున తెల్లటి పూత, నలిపితే తలనొప్పి మందు వాసన. లాంటానా: ఎదురెదురు గరుకు ఆకులు, నలుపలకల కొమ్మ, కొక్కేల్లాంటి ముళ్లు, ఊరి అంచుల్లో దీన్ని తప్పించుకోలేరు. ధాతకి: చలికాలం చివర కొండవాలంతా ఎర్రటి గొట్టపు పువ్వులు, ఆకు అడుగున నల్లటి చుక్కలు. నులితడ: మెలితిప్పిన కాయ చూస్తే చాలు. తీగల్లో అడ్డాకు ఒక్కటి పట్టుకోండి, ఒడియాలో సియాళి. రెండు పాయలుగా చీలిన వెడల్పాటి ఆకు, చుట్టలు చుట్టుకున్న నులితీగలు, పెద్ద చెట్ల మీదికి పాకే తొడంత లావు కాండం. విస్తరాకుల కోసం ఆడవాళ్లు మోపులు కట్టి సంతకి తెచ్చేది దీన్నే. ఆరె, దేవకాంచనం ఆకులు కూడా ఇలాగే చీలి ఉంటాయి గాని అవి చెట్లు, వాటికి నులితీగలుండవు.

పేర్ల గొడవ గురించి. మీ సమస్య మనుషుల్లో లేదు, అడిగే పద్ధతిలో ఉంది. ఆకు ఒకటి చూపించి "ఇదేంటి?" అంటే మర్యాదకైనా ఏదో పేరు చెబుతారు. "దీన్ని దేనికి వాడతారు, ఎప్పుడు కాస్తుంది, పశువులు తింటాయా, పొయ్యిలో ఎలా మండుతుంది?" అని అడగండి. వాడకం తెలిసినవాళ్లు చెట్టును పొరపాటు పడరు. ఎవరిని అడగాలన్నది కూడా ముఖ్యం. నాగలి, మంచం చేసే వడ్రంగి కర్రను కోతలో గుర్తుపడతాడు. మందులిచ్చే సవర పెద్దకి బెరడు, వేరు తెలుసు. అడ్డాకు, ఇప్పపువ్వు ఏరే ఆడవాళ్లకి ఏ చెట్టు ఏ వారంలో పూస్తుందో తెలుసు, నా లెక్కలో అందరికన్నా నమ్మదగ్గవాళ్లు వాళ్లే. మేకల కాపరులు పొదల్లో పండితులు. పెద్దవాళ్లను అడిగేటప్పుడు వాళ్ల పని చెడగొట్టకండి, కూడా నడవండి, మోపులో ఓ చెయ్యి వేయండి.

చెప్పిన పేరును చెప్పినట్టే రాసుకోండి, ఏ భాషో పక్కన పెట్టండి. సరిదిద్దొద్దు. ఒక్క జాగ్రత్త: ఒడియావాళ్లు అసన అంటే నల్లమద్ది. ఆయుర్వేద పుస్తకాల్లో అసన అంటే వేగిస, దాన్ని ఒడియాలో పియాసాల అంటారు. మన సరిహద్దులో ఇలాంటివి చాలా ఉన్నాయి కాబట్టి చివరికి శాస్త్రీయ నామం పక్కన రాసుకోక తప్పదు. దానికి భయపడకండి. లెక్కల మాస్టారికి అదొక ఫార్ములా, అంతే.

పుస్తకాల మాట. మన పర్లాకిమిడి, కొరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అందుకని పాత వృక్షశాస్త్ర గ్రంథాల్లో మన కొండలు ఒరిస్సా కింద కాకుండా, బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త గాంబుల్ మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరాలో (ఆ ప్రాంతపు మొక్కలన్నిటి వివరాల గ్రంథం) దొరుకుతాయి. 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చింది, ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఒడిశా మొత్తానికి సక్సేనా, బ్రహ్మం రాసిన నాలుగు సంపుటాలు 1990లలో వచ్చాయి. యూనివర్సిటీ లైబ్రరీల్లో అడగండి. పాతవాటిలో కొన్ని శాస్త్రీయ నామాలు మారిపోయాయి. బండారు చెట్టును పుస్తకాన్ని బట్టి అడినా అనీ, హాల్డినా అనీ రాశారు. ప్రస్తుత పేరు కోసం లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే వృక్షోద్యానం వాళ్ల వెబ్‌సైట్ ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్ చూడండి. ఈ పుస్తకాలు మొదటి ఆరు నెలలు తెరవకపోయినా ఏం కాదు. చెట్టు తెలిశాక పుస్తకం చదివితే ప్రతి మాటా అర్థమవుతుంది, తెలియకముందు చదివితే నిద్రొస్తుంది.

యాప్ పూర్తిగా పనికిరాదని అనను. తోటమొక్కలు, పూలు బాగానే చెబుతుంది. మన అడవిచెట్టు ఆకొక్కటి ఫోటో తీసి ఇస్తే మాత్రం ఎక్కడిదో విదేశీ చెట్టు పేరు చెప్పగలదు. దాని జవాబును ప్రజాతి (జీనస్) దాకా నమ్మండి, పూర్తి పేరు మీరే తేల్చుకోండి. అంతకన్నా మంచిది ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్, ఈఫ్లోరా ఆఫ్ ఇండియా లాంటి వెబ్‌సైట్లలో ఫోటోలు పెట్టడం. అక్కడ మనుషులు చూసి, ఎందుకో కారణం కూడా చెబుతారు. ఆ కారణంలోనే చదువంతా ఉంది.

అడవిలో జాగ్రత్తలు. నల్లజీడి చెట్టును మొదటివారంలోనే గుర్తుపట్టడం నేర్చుకోండి. పెద్ద ఆకులు, అడుగున తెల్లబారిన రంగు, నారింజరంగు కండ మీద కూర్చున్న నల్లటి గింజ. చాకలివాళ్లు బట్టల మీద గుర్తులు పెట్టింది ఆ రసంతోనే. ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. బంక, పాలు తగిలిన చేత్తో కళ్లు తుడుచుకోవద్దు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఎలుగుబంట్లు కూడా ఆ చెట్ల కిందికే వస్తాయి, ఎండెక్కాక వెళ్లండి. గజపతి జిల్లా వైపు ఏనుగులు తిరుగుతాయి, వరి కోతల వేళ ముఖ్యంగా. బయల్దేరే ముందు ఊళ్లో ఒక మాట అడిగి, ఒంటరిగా కాకుండా వెళ్లండి. దోమతెర, పొడుగు చేతుల చొక్కా చెప్పాల్సిన పనిలేదు, మలేరియా సంగతి మీకు తెలిసిందే.

ఇంకొకటి. రిజర్వు అడవిలో, అభయారణ్యంలో అనుమతి లేకుండా కొమ్మ కోయడం కుదరదు. నమూనాలు కావాలంటే డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసరుకు బడి తరఫున ఉత్తరం పెట్టండి. నేర్చుకోవడానికి రాలిన ఆకు, కాయ, ఫోటో చాలు. బెరడు లోపలి రంగు చూడాలని కత్తితో గాటు పెట్టే అలవాటు పాత ఫారెస్టు గార్డుల్లో ఉండేది. మీరు పెట్టొద్దు, పశువులు రాపిడి చేసినచోట, కొమ్మ విరిగినచోట చూసుకోవచ్చు. అడవిదేవతల చోట్ల, పూజలందుకునే చెట్ల దగ్గర ఏదీ ముట్టుకోకండి, ముందు అడగండి.

ఊరి గట్ల మీద, మీ బడి ఆవరణలో దొరికినవాటిని మాత్రం ఎండబెట్టి దాచండి. పాత న్యూస్‌పేపర్ మడతల్లో పెట్టి, పైన బరువు పెట్టి, వానాకాలమైతే కాగితం రోజూ మార్చాలి, లేకపోతే బూజు. ఎండిన మొక్కను అంటించి దాచే హెర్బేరియం షీటు 42 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు ఉంటుంది, అట్టముక్కలు అదే కొలతకి కోయించుకుంటే తర్వాత ఎవరికి పంపినా సరిపోతుంది. ఆకులో ఒకటి తిరగేసి, అడుగు భాగం పైకి కనబడేలా పెట్టండి. ఇది మర్చిపోతే షీటులో సగం సమాచారం పోతుంది. చీటీలో తేదీ, చోటు, చెట్టు ఎత్తు, పాలు కారాయా, పువ్వు రంగు, వాసన రాయండి. ఎండాక రంగు, వాసన పోతాయి కాబట్టి అవి అప్పటికప్పుడే రాయాలి. పది రెట్లు పెద్దగా చూపే జేబు భూతద్దం ఒకటి కొనుక్కోండి, మీరు కొన్న పుస్తకంకన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

పేరు తేలకపోతే ఇక్కడే అడగండి, నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. కానీ ఒక్క ఆకు ఫోటో పెట్టి అడిగితే ఎవరూ చెప్పలేరు. చెట్టు మొత్తం దూరం నుంచి ఒకటి, ఛాతీ ఎత్తులో బెరడు ఒకటి, కణుపు కనబడేలా కొమ్మ ఒకటి, ఆకు పైభాగం, అడుగు భాగం విడివిడిగా, కింద రాలిన కాయో పువ్వో అరచేతిలో పెట్టుకుని ఒకటి. పాలు కారితే ఆ సంగతి రాయండి. ఏ ఊరు, ఏ నెల, వాగు ఒడ్డా గట్టునేలా అన్నది చెబితే సగం జవాబు మాకు అక్కడే దొరుకుతుంది.